పత్తిగింజ నూగు నుంచి ఫిల్ము రీలు దాకా

కార్తీకం దాటాక ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలల్లో పత్తి తీతలు జోరందుకుంటాయి. నరసరావుపేట, చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు చుట్టుపక్కల జిన్నింగు మిల్లులకు బోరేలు చేరతాయి. మిల్లులో దూది ఒకవైపు, గింజ మరోవైపు పడుతుంది. క్వింటాలు పత్తి ఆడిస్తే వచ్చే దూది దాదాపు మూడో వంతు. మిగిలినదంతా గింజే. దూది బేళ్లుగా మారి నూలు మిల్లులకు పోతుంది. గింజ నూనె మిల్లుకు పోతుంది. నూనె తీశాక మిగిలిన చెక్క పాడి పశువుల మేత అవుతుంది.

ఈ పంపకంలో ఎవరి దృష్టీ పడని వస్తువు ఒకటుంది. జిన్నింగు అయ్యాక కూడా గింజను వదలని పొట్టి నూగు. దాని పొడవు కొద్ది మిల్లీమీటర్లే కనుక నూలు వడకడానికి పనికిరాదు. వ్యాపారంలో దీన్ని లింటర్లు అంటారు. నూనె తీయడానికి ముందు ప్రత్యేకమైన యంత్రాలతో గింజ మీద నుంచి గీకి తీస్తారు. ఇరవయ్యో శతాబ్దంలో ప్రపంచం చూసిన సినిమాలు, పెళ్లి ఫోటోలు, ఆసుపత్రుల ఎక్స్‌రేలు చాలావరకు ఈ నూగులోని పదార్థం మీదే అచ్చయ్యాయి. ఫోటో ఫిల్ములో కళ్లకు కనిపించే పారదర్శకమైన పట్టీ ప్లాస్టిక్కే గానీ, దాని పుట్టుక పత్తి చేలోనో అడవి చెట్టులోనో ఉంది.

పత్తి పండే దేశాలు డజన్ల కొద్దీ ఉన్నాయి. వెండి ఎక్కడైనా దొరుకుతుంది. జెలటిన్‌కు కావలసిన పశువుల ఎముకలకూ కరువు లేదు. అయినా ఫిల్మును మొదటి నుంచి చివరి దాకా తయారుచేయగల ఊళ్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. భారతదేశం కూడా నీలగిరి కొండల మీద ఒక కార్ఖానా కట్టింది, కొన్ని దశాబ్దాలు నడిపింది, చివరికి మూసేసింది. ముడిసరుకు ఇంత మామూలుదైనప్పుడు తయారీ ఎందుకంత అరుదు? దీనికి జవాబు దొరకాలంటే ఫిల్ము లోపలికి వెళ్లి చూడాలి.

పత్తి పట్టీగా మారే దారి

పత్తి నూగు దాదాపు పూర్తిగా సెల్యులోజ్. కలపలోనూ సెల్యులోజ్ ఉంటుంది గానీ లిగ్నిన్ వంటి పదార్థాలతో పెనవేసుకుని ఉంటుంది. వాటిని వదిలించడం పెద్ద పని. పత్తి నూగును మాత్రం కాస్టిక్ సోడా ద్రావణంలో ఉడికించి, కడిగి, తెల్లబరిస్తే నూటికి తొంభై ఎనిమిది పాళ్లకు మించి స్వచ్ఛమైన సెల్యులోజ్ చేతికొస్తుంది. రసాయన పరిశ్రమ మొదట దీన్ని వెతుక్కుంటూ వచ్చింది అందుకే.

1846లో క్రిస్టియన్ షోన్‌బైన్ అనే జర్మన్-స్విస్ రసాయనవేత్త పత్తిని నత్రికామ్లం, గంధకామ్లాల మిశ్రమంలో ముంచి సెల్యులోజ్ నైట్రేట్ తయారీని లోకానికి ప్రకటించాడు. నైట్రోజన్ ఎక్కువగా చేరితే అది తుపాకిమందు అవుతుంది. తక్కువగా చేరితే కర్పూరంతో కలిసి మెత్తబడి, పలుచని రేకుగా పోతపోయడానికి వీలైన సెల్యులాయిడ్ అవుతుంది. 1889లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో జార్జ్ ఈస్ట్‌మన్ కంపెనీ ఈ పదార్థంతో పారదర్శకమైన రోల్ ఫిల్మును అమ్మకానికి తెచ్చింది. హానిబల్ గుడ్విన్ అనే మతబోధకుడు అంతకు రెండేళ్ల ముందే, 1887లో, ఇదే ఆలోచనకు పేటెంటు అడిగాడు. అది చేతికి రావడానికి 1898 దాకా ఆగవలసివచ్చింది.

నైట్రేట్ ఫిల్ము అందంగా ఉండేది, బలంగా ఉండేది, భయంకరంగా మండేది. మండడానికి కావలసిన ఆక్సిజన్ దాని అణువుల్లోనే ఉంది కనుక నీళ్లలో ముంచినా మంట ఆగదు. పాత సినిమా హాళ్లలో ప్రొజెక్టరు గదికి దళసరి గోడలు, కిటికీలకు ఇనుప మూతలు పెట్టించింది ఈ భయమే. మన దేశంలో 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం రావడానికి సెన్సారు ఎంత కారణమో, ప్రేక్షకులను అగ్నిప్రమాదాల నుంచి కాపాడవలసిన అవసరమూ అంతే కారణం.

మండని ఫిల్ము కోసం వెతికినప్పుడు దారి చూపింది మళ్లీ పత్తే. సెల్యులోజ్‌ను నత్రికామ్లానికి బదులు ఎసిటిక్ ఆమ్లం, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌లతో కలిపితే సెల్యులోజ్ ఎసిటేట్ వస్తుంది. ఎసిటిక్ ఆమ్లమంటే వెనిగర్‌లో పులుపునిచ్చేదే. 1948లో కొడాక్ ట్రైఎసిటేట్ ఫిల్మును విడుదల చేసింది. 1950ల మొదట్లో నైట్రేట్ సినిమా ఫిల్ము తయారీ ఆగిపోయింది. తర్వాత పెట్రోలియం నుంచి వచ్చే పాలియెస్టర్ కూడా రంగంలోకి దిగింది. అది చింపినా చిరగదు కనుక సినిమా ప్రింట్లకు, ఎక్స్‌రే ఫిల్ములకు బాగా నప్పింది. కెమెరాలో నడిచే నెగటివ్‌కు మాత్రం ఎసిటేట్‌నే ఎక్కువగా వాడుతూ వచ్చారు. ఫిల్ము ఎక్కడైనా ఇరుక్కుపోతే అది తెగిపోతుంది గానీ కెమెరా యంత్రాన్ని విరగ్గొట్టదు.

ట్రైఎసిటేట్‌ను మిథిలీన్ క్లోరైడ్ ప్రధానంగా ఉన్న ద్రావకంలో కరిగించి చిక్కని ద్రవంగా చేస్తారు. దాన్ని ఎన్నోసార్లు వడకట్టి, అద్దంలా మెరిసే లోహపు డ్రమ్ము మీదకో పట్టా మీదకో సన్నని చీలిక నుంచి వదులుతారు. డ్రమ్ము తిరుగుతుండగా ద్రావకం ఆవిరైపోయి పట్టీ మిగులుతుంది. దాని మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. మీటరుకు పైగా వెడల్పు, వేల అడుగుల పొడవు ఉన్న ఆ పట్టీ అంతటా మందం ఒక్కలాగే ఉండాలి. కంటికి కనిపించని ధూళికణం అందులో చిక్కుకుంటే, అదే వెండితెర మీద కంకరరాయంత మచ్చగా కనిపిస్తుంది.

వెండి, ఎముక, ఆవఘాటు

పట్టీ తనంతట తాను బొమ్మను పట్టుకోలేదు. బొమ్మ పట్టేది దాని మీద పూసే ఎమల్షన్. వెండిని నత్రికామ్లంలో కరిగిస్తే సిల్వర్ నైట్రేట్ వస్తుంది. దాన్ని చీకట్లో జెలటిన్, పొటాషియం బ్రోమైడ్ ఉన్న వెచ్చని ద్రావణంలోకి కొద్దికొద్దిగా వదులుతారు. అప్పుడు మైక్రాన్ పరిమాణంలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు అటూఇటూగా, సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు ఏర్పడతాయి. స్ఫటికం పెద్దదైతే తక్కువ వెలుతురుకు కూడా స్పందిస్తుంది, కానీ బొమ్మలో గరుకు కనిపిస్తుంది. చిన్నదైతే బొమ్మ నునుపు, వెలుతురు మాత్రం ఎక్కువ కావాలి. ద్రావణం వేడి, కలిపే వేగం, ఆగే సమయం మారితే స్ఫటికం మారిపోతుంది. ప్రతి కంపెనీ ప్రాణంగా దాచుకునే రహస్యం ఇక్కడే ఉంది.

వెలుతురు పడినప్పుడు స్ఫటికంలో ఒక ఎలక్ట్రాన్ విడివడుతుంది. అది వెండి అయానును వెండి పరమాణువుగా మారుస్తుంది. ఒకే చోట నాలుగైదు వెండి పరమాణువులు చేరితే చాలు, ఆ స్ఫటికం తనపై వెలుతురు పడిందని గుర్తుంచుకున్నట్టే. ఈ వివరణకు గట్టి పునాది వేసింది 1938లో రోనాల్డ్ గర్నీ, నెవిల్ మాట్ ప్రతిపాదించిన సిద్ధాంతం. తర్వాత డెవలపర్ ద్రావణంలో ముంచినప్పుడు ఆ గుర్తు ఉన్న స్ఫటికం మొత్తం నల్లని వెండిగా మారుతుంది. వెలుతురు చేసిన అతిచిన్న పనిని రసాయనం సుమారు వంద కోట్ల రెట్లు పెంచి చూపుతుందన్నమాట. రంగుల ఫిల్ములో ఎరుపు, ఆకుపచ్చ, నీలి కాంతులకు వేర్వేరు పొరలుంటాయి. వెండి ఏర్పడిన చోటే రంగు పదార్థం కూడా ఏర్పడుతుంది. ఆ తర్వాత వెండిని పూర్తిగా తీసేస్తారు. రంగుల నెగటివ్‌లో చివరికి మిగిలేది రంగులే.

ఈ కథలో జెలటిన్‌ది విచిత్రమైన పాత్ర. పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసే ఈ పదార్థం స్ఫటికాలను విడివిడిగా పట్టి ఉంచుతుంది, డెవలపర్‌ను లోపలికి రానిస్తుంది, చల్లబరిస్తే గడ్డకడుతుంది. 1920ల్లో ఒక చిక్కు సమస్య వచ్చింది. ఒక విడత జెలటిన్‌తో చేసిన ఫిల్ము చురుగ్గా ఉంటే, మరో విడతతో చేసింది మందకొడిగా ఉండేది. కొడాక్ పరిశోధకుడు శామ్యూల్ షెపర్డ్ దీని అంతు చూశాడు. జెలటిన్‌లో అతి స్వల్పంగా ఉండే గంధక సమ్మేళనాలే ఆ చురుకుదనానికి కారణమని 1925లో తేల్చాడు. అలైల్ ఐసోథయోసైనేట్ అనే పదార్థానికి సంబంధించిన ఈ సమ్మేళనాలు, పశువులు మేసిన ఆవజాతి మొక్కల నుంచి జెలటిన్‌లోకి వచ్చాయి. ఆవకాయ కలిపేటప్పుడు తడిసిన ఆవపిండి ముక్కుపుటాలను అదరగొడుతుందే, ఆ ఘాటు కూడా అలైల్ ఐసోథయోసైనేట్‌దే. అప్పటి నుంచి ఫిల్ము కంపెనీలు జెలటిన్‌లోని మలినాలు తొలగించి, కావలసిన గంధకాన్ని తామే కొలిచి కలపడం నేర్చుకున్నాయి. పశువుల మేత చేతిలో ఉన్న ఫలితం రసాయనవేత్త చేతిలోకి వచ్చింది.

చీకట్లో సాగే పని

పట్టీ సిద్ధం, ఎమల్షన్ సిద్ధం. ఇక పూత వేయాలి. రోచెస్టర్‌లో పూతకు వెళ్లే పట్టీ వెడల్పు సుమారు నాలుగున్నర అడుగులు. రంగుల ఫిల్మయితే డజనుకు పైగా పొరలుంటాయి. వాటిలో చాలా పొరలను ఒకదానిపై ఒకటి జారేలా ఒకేసారి పూస్తారు. అవి కలిసిపోకూడదు. వెంటనే చల్లగాలి తగిలించి జెలటిన్‌ను గడ్డకట్టిస్తారు, ఆపైన వడపోసిన గాలితో నెమ్మదిగా ఆరబెడతారు. అన్ని పొరలూ కలిపి ఆరాక మిగిలే మందం మిల్లీమీటరులో నలభయ్యో వంతుకు మించదు. తర్వాత పట్టీని 35 మిల్లీమీటర్ల వెడల్పుతో కోసి, అంచుల్లో రంధ్రాలు పొడిచి, డబ్బాల్లో పెట్టి మూతలు బిగిస్తారు. రంగుల ఫిల్ము విషయంలో ఈ పనంతా గాఢమైన చీకట్లో జరగాలి. కార్మికులు యంత్రం చప్పుడును, చేతి స్పర్శను బట్టి పనిచేస్తారు.

ఈ యంత్రాలను చిన్నవిగా కట్టుకుంటే సరిపోదా అనిపిస్తుంది. పూత యంత్రం ఒకసారి నడిస్తే కిలోమీటర్ల కొద్దీ ఫిల్ము దిగుతుంది. ఆపితే మళ్లీ సరిచేసి నడపడానికి సమయం, సరుకు రెండూ వృథా అవుతాయి. గిరాకీ ఎప్పుడూ ఉండాలి. స్వచ్ఛమైన నీరు పుష్కలంగా ఉండాలి. గాలిలో దుమ్ము ఉండకూడదు. పేటెంటులో రాయని మెలకువలు ఒక తరం కార్మికుల చేతుల్లోంచి తర్వాతి తరానికి అందాలి. పత్తి, వెండి, ఎముక కొనుక్కోవచ్చు గానీ ఇవన్నీ ఒకేచోట కుదరడం కష్టం. ఫిల్ము తయారీ అరుదు కావడానికి అసలు కారణం ఇదే.

బుర్రిపాలెం నుంచి చూస్తే కనిపించే లోకపటం

మన సినిమాకు ఫిల్ము ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి నుంచీ చాలావరకు దిగుమతే. సౌండు సినిమా ప్రొజెక్టరులో నిమిషానికి 90 అడుగుల ఫిల్ము తిరుగుతుంది. మూడు గంటల సినిమా అంటే 16,200 అడుగులు, దాదాపు అయిదు కిలోమీటర్లు. వంద ప్రింట్లు వేస్తే 490 కిలోమీటర్లు. ఆ ఫిల్మును పొడుగ్గా పరిస్తే గుంటూరులో మొదలై మద్రాసు దాటిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు రాక ఫిల్ముకు కటకట ఏర్పడింది. బ్రిటిష్ ప్రభుత్వం కథాచిత్రాల నిడివిని 11,000 అడుగులకు కుదించింది. 1943 నుంచి ముడిఫిల్మును లైసెన్సు మీద పంచింది. అంతకుముందు పాటలు, పద్యాలతో తీరుబడిగా సాగిన సినిమా ఒక్కసారిగా రెండు గంటల్లో ఇమడవలసివచ్చింది. కథ నిడివిని సముద్రానికి అవతలి కార్ఖానా నిర్ణయించిన కాలమది.

రంగులు వచ్చాక ఈ ఆధారపడటం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగులో తొలి పూర్తి నిడివి రంగుల చిత్రం 'లవకుశ' 1963లో వచ్చింది. అది తీసింది గేవాకలర్‌లో. గేవాకలర్ పుట్టిల్లు బెల్జియంలో ఆంట్వెర్ప్ నగరం పక్కన ఉన్న మోర్ట్‌సెల్. లీవెన్ గేవార్ట్ 1890ల్లో స్థాపించిన సంస్థ అది, 1964లో జర్మనీకి చెందిన ఆగ్ఫాతో కలిసిపోయింది.

తెనాలి పక్కన బుర్రిపాలెంలో పుట్టిన నటుడు కృష్ణ చిత్రాల జాబితాను ముందు పెట్టుకుంటే ఆనాటి ఫిల్ము కార్ఖానాల లోకపటమే కనిపిస్తుంది. ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో ఆయన కథానాయకుడిగా పరిచయమైన 'తేనె మనసులు' 1965లో వచ్చింది. తొలి రంగుల సాంఘిక చిత్రంగా పేరుపడిన ఈ సినిమా ఈస్ట్‌మన్ కలర్ చిత్రం. ఆ రంగుల జన్మస్థలం రోచెస్టర్. 1972 నాటి 'గూడుపుఠాణి'ని తెలుగులో తొలి ఆర్వో కలర్ చిత్రంగా చెబుతారు. ఆర్వో తయారైంది తూర్పు జర్మనీలోని వోల్ఫెన్‌లో. 1976 నాటి 'భలే దొంగలు' తొలి ఫ్యూజీ కలర్ చిత్రంగా పేరుపొందింది. ఆ ఫిల్ము కంపెనీ 1934లో జపాన్‌లోని అషిగరా ప్రాంతంలో, కొండ నీళ్లు స్వచ్ఛంగా దొరికే చోట మొదలైంది.

ఈ మార్పుల వెనుక రుచులతోపాటు విదేశీ మారకద్రవ్యం కూడా ఉంది. ఈస్ట్‌మన్ ఫిల్ముకు డాలర్లు కావాలి, దేశం దగ్గర డాలర్లు తక్కువ. తూర్పు జర్మనీతో మాత్రం రూపాయల్లో చెల్లించే వాణిజ్య ఒప్పందం ఉండేది. అందుకే ఆర్వో ఫిల్ములు మన స్టూడియోలకు, సినిమా కంపెనీలకు అంత విరివిగా అందాయి. వోల్ఫెన్‌ది తీసిపారేయదగిన కార్ఖానా కాదు. 1936లో ఆగ్ఫాకలర్ రంగుల ఫిల్ము అక్కడే రూపొందింది. యుద్ధం తర్వాత ఆ కార్ఖానా తూర్పు జర్మనీకి దక్కి, 1964 నుంచి ఆర్వో పేరుతో సరుకు అమ్మింది. చీకటి గదుల్లో పనిచేసినవారిలో ఎక్కువమంది స్త్రీలు. 1990లో రెండు జర్మనీలు ఏకమయ్యాక కొన్నేళ్లకే ఆ పెద్ద కార్ఖానా మూతపడింది.

ఊటీ కొండ మీద 'ఇందు'

సొంతంగా ఫిల్ము తయారుచేసుకోవాలన్న పట్టుదలతో కేంద్ర ప్రభుత్వం 1960లో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను స్థాపించింది. ఫ్రాన్స్‌కు చెందిన బోషే కంపెనీ సాంకేతిక సహకారం ఇచ్చింది. కార్ఖానాకు ఎంచుకున్న చోటు ఊటీ. సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన చల్లని వాతావరణం, తక్కువ దుమ్ము, మంచి నీరు. మన పల్నాడు ఎండల్లో ఎంత ఖర్చుపెట్టినా కుదరని పరిస్థితులు అక్కడ ప్రకృతే సగం సమకూర్చింది. 1967లో ఉత్పత్తి మొదలైంది. 'ఇందు' పేరుతో నలుపు తెలుపు రోల్ ఫిల్ము, సినిమా పాజిటివ్, ఫోటో కాగితం, ఎక్స్‌రే ఫిల్ము మార్కెట్లోకి వచ్చాయి. విదేశాల నుంచి వచ్చిన పెద్ద రోళ్లను కోసి, రంధ్రాలు పొడిచి అమ్మే పనికూడా ఈ సంస్థ చేసింది.

ఊటీకి కొద్ది దూరంలో, కూనూరు నుంచి వచ్చే కొండ రైలు దారిలో అరువంకాడు ఉంది. అక్కడ బ్రిటిష్‌వాళ్లు 1903-04 ప్రాంతంలో నెలకొల్పిన కార్డైట్ కార్ఖానాలో పత్తి సెల్యులోజ్‌ను నైట్రేట్‌గా మార్చి తుపాకుల మందుగుండు తయారుచేస్తారు. సెల్యులోజ్ రసాయనశాస్త్రం యుద్ధానికీ, కళకూ సమానంగా ఉపయోగపడిందనడానికి ఆ కొండల మీద కొద్ది దూరంలో నిలిచిన ఈ రెండు కార్ఖానాలే సాక్ష్యం.

'ఇందు' ఫిల్ము జనం జీవితాల్లోకి నిశ్శబ్దంగా ప్రవేశించింది. గుర్తింపు కార్డు ఫోటోలో, ఛాతీ ఎక్స్‌రేలో, నలుపు తెలుపు సినిమా ప్రింటులో దాని పేరు ఎవరూ చూడలేదు. దిగుమతులు కష్టంగా ఉన్న రోజుల్లో అది దేశానికి చేసిన మేలు చిన్నది కాదు. కానీ ప్రపంచమంతా రంగుల్లోకి మారినప్పుడు సంస్థ ఆ వేగం అందుకోలేకపోయింది. పాలియెస్టర్ ఎక్స్‌రే ఫిల్ము కోసం డూపాంట్ సాంకేతికతతో పెట్టిన కొత్త ప్లాంటు అప్పులు పెంచింది. 1991 తర్వాత దిగుమతి సుంకాలు తగ్గి విదేశీ సరుకు చౌకగా వచ్చింది. 1990ల మధ్యలో సంస్థ ఖాయిలా పరిశ్రమల జాబితాకెక్కింది. ఆ వెనుకే డిజిటల్ కెమెరా, డిజిటల్ ఎక్స్‌రే వచ్చాయి. 2010ల్లో ఉద్యోగులకు స్వచ్ఛంద విరమణ ఇచ్చి సంస్థను మూసివేతకు నడిపించారు.

ఇది నాకు బాధ కలిగించే అధ్యాయం. వేలమంది చేతుల్లో పోగుపడిన చీకటి గది నైపుణ్యం అక్కడితో చెదిరిపోయింది. యంత్రాన్ని మళ్లీ కొనవచ్చు. ఎమల్షన్ ఎప్పుడు పక్వానికొచ్చిందో చూడగానే చెప్పగల మనిషిని కొనలేం.

ఇప్పుడు ఎవరు చేస్తున్నారు

ప్రపంచంలో ఫిల్ము ఆగిపోలేదు. సినిమా రంగుల నెగటివ్‌కు ప్రధానమైన చోటు నేటికీ రోచెస్టర్. ఈస్ట్‌మన్ కొడాక్ 2012లో దివాలా రక్షణ కోరింది. హాలీవుడ్ స్టూడియోలు ఫిల్ము కొంటామని ఒప్పందాలు చేసుకోవడంతో కార్ఖానా నిలబడింది. 2023 నాటి 'ఓపెన్‌హైమర్' కోసం 65 మిల్లీమీటర్ల నలుపు తెలుపు ఫిల్మును మొదటిసారి తయారుచేసి ఇచ్చింది అక్కడే. ఫ్యూజీఫిల్మ్ 2013లో సినిమా షూటింగ్ ఫిల్ము నిలిపేసింది గానీ ఇన్‌స్టాక్స్ తక్షణ ఫోటోలతో లాభాలు గడిస్తోంది.

నలుపు తెలుపు ఫిల్ముకు ఇంగ్లండులోని మోబర్లీ గ్రామం పెద్ద దిక్కు. ఇల్‌ఫర్డ్ సంస్థ 2004లో కుప్పకూలినప్పుడు, అక్కడి ఉద్యోగులే ముందుకొచ్చి హార్‌మన్ టెక్నాలజీ పేరుతో దాన్ని నిలబెట్టారు. 2023 చివర్లో రంగుల ఫిల్మును కూడా విడుదల చేశారు. చెక్ దేశంలోని హ్రాదెత్స్ క్రాలోవే నగరంలో ఫోమా సంస్థ 1921 నుంచి పనిచేస్తోంది. మోర్ట్‌సెల్‌లో ఆగ్ఫా-గేవార్ట్ పారిశ్రామిక అవసరాలకు ఫిల్ము తయారుచేస్తూ వచ్చింది. జర్మనీలో ఎడాక్స్, ఇనోవిస్‌కోట్ వంటి చిన్న సంస్థలు, ఇటలీలో పాత ఫెరానియా కార్ఖానాలో మిగిలిన యంత్రాలతో మళ్లీ మొదలైన సంస్థ, చైనాలోని బావోడింగ్‌లో లక్కీ, నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడేలో పోలరాయిడ్ ఈ వరుసలో ఉన్నాయి. దుకాణంలో కనిపించే ఫిల్ము పేర్లు వీటికంటే చాలా ఎక్కువ. వాటిలో చాలామటుకు ఇవే కార్ఖానాల సరుకును వేరే డబ్బాలో పెట్టి అమ్మేవి.

పత్తి, కలపల నుంచి వచ్చే ట్రైఎసిటేట్ పొరకు ఇంకొక బతుకుతెరువు కూడా దొరికింది. టీవీలు, ఫోన్ల ఎల్‌సీడీ తెరల్లో ఒక దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పోలరైజర్‌ను కాపాడటానికి ఈ పొరే వాడతారు. దాన్ని తయారుచేసిన వారిలో ఫ్యూజీఫిల్మ్, కొనికా మినోల్టా ముఖ్యమైనవి. రెండూ ఒకప్పటి ఫోటో ఫిల్ము కంపెనీలే. నునుపైన, మచ్చలేని పలుచని పొర పోయడం దశాబ్దాలుగా తెలిసినవాళ్లు కనుక ఆ పని వాళ్లకు దక్కింది. ఫిల్ములో బొమ్మను మోసిన పదార్థం ఇప్పుడు ఎల్‌సీడీ తెరల్లో బొమ్మ చూపడానికి సాయపడుతోంది.

మన ఎండల్లో మన నెగటివ్‌లు

ఫిల్ము తయారుచేసే కార్ఖానా మన ప్రాంతంలో లేకపోయినా, తయారైన ఫిల్ము ఇక్కడ గుట్టలుగా ఉంది. తెనాలి, నరసరావుపేట, చీరాల, ఒంగోలు స్టూడియోల్లో పెళ్లిళ్ల నెగటివ్‌లు, బడి పిల్లల గ్రూపు ఫోటోల నెగటివ్‌లు, పరిషత్తు నాటకాల ఫోటోలు పాత డబ్బాల్లో మిగిలే ఉన్నాయి. స్టూడియో మూతపడితే అవి పాత సామాను బండికెక్కుతాయి. వాటిలో ఉన్నది ఈ నేల మనుషుల యాభై అరవై ఏళ్ల చరిత్ర.

ఎసిటేట్ ఫిల్ముకు వేడి, తేమ రెండూ శత్రువులు. అవి చేరితే పదార్థం విడిపోయి ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. ఆ ఆమ్లమే తర్వాతి క్షీణతను మరింత వేగిరం చేస్తుంది. ఫిల్ము ముడుచుకుంటుంది, వంకర్లు తిరుగుతుంది, డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. ఈ జబ్బు గురించి కొడాక్‌కు అందిన తొలి ఫిర్యాదు 1950ల్లో భారత ప్రభుత్వం నుంచే వెళ్లింది. కొత్త ట్రైఎసిటేట్ బలహీనతను ప్రపంచానికి మొదట బయటపెట్టింది మన వాతావరణమే. రంగుల ఫిల్ముకు మరో ముప్పు కూడా ఉంది. అందులో వెండి ఉండదు, రంగులే ఉంటాయి. అవి వేడికి వెలసిపోతాయి.

ఈ సంగతి గుంటూరు మిర్చి రైతుకు, వ్యాపారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. కాయ ఎరుపు నిలబడాలంటే మిర్చి బస్తాలను, అంటే టిక్కీలను, కోల్డ్ స్టోరేజీకి చేర్చాలని వాళ్లకు తెలుసు. యార్డులో ఏసీ సరుకు ధర వేరుగా పలకడమూ తెలుసు. ఫిల్ములోని రంగుకూ అదే సూత్రం వర్తిస్తుంది. రంధ్రాలు పొడిచి డబ్బాలో పెట్టిన సినిమా ముడిఫిల్మును కొద్ది నెలలకు దాచాలన్నా 13 డిగ్రీల సెల్సియస్ మించని చల్లదనం కావాలని కొడాక్ సలహా ఇస్తుంది. సినిమా ఆర్కైవుల్లో రంగుల నెగటివ్‌లను ఇంకా చల్లగా ఉంచుతారు.

తెలుగు సినిమా ఇప్పటికే చాలా పోగొట్టుకుంది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతి ఈనాడు చూడటానికి లేదు. పూణేలో జాతీయ ఫిల్ము ఆర్కైవ్ ఏర్పడింది 1964లో. అప్పటికే ఎన్నో పాత ప్రింట్లు వెండి కోసం కరిగిపోయాయి. 2019 డిసెంబరులో హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోలో ఫిల్ముల పరిరక్షణ మీద శిక్షణ శిబిరం జరిగింది. సినిమాల విషయంలో కాస్త మేలుకున్నాం. ఊరి స్టూడియో నెగటివ్‌ల గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు.

చేయవలసినది కష్టమైన పని కాదు. నెగటివ్‌లను అటక మీద, రేకుల గదిలో ఉంచకూడదు. తుప్పుపట్టిన డబ్బాల నుంచి, అంటుకుపోయే ప్లాస్టిక్ కవర్ల నుంచి తీసి ఆమ్లం లేని కాగితపు కవర్లలో పెట్టాలి. వెనిగర్ వాసన వచ్చేవాటిని మిగతావాటికి దూరంగా ఉంచి, ముందు వాటినే స్కాను చేయించాలి. స్కాను అయిపోయిందని నెగటివ్ పారేయకూడదు, కంప్యూటరు ఫైలు పోతే మళ్లీ ఆధారం అదే. ఎవరి పెళ్లి, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది కవరు మీద రాయాలి. ఆ వివరం తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే రాయాలి.

జిల్లా గ్రంథాలయాలు, కాలేజీల చరిత్ర శాఖలు ఇష్టపడితే ప్రతి పట్టణంలో ఒక గదిని దీనికి కేటాయించవచ్చు. ఫిల్ము తయారీకి కొండలు, నదులు, వేల మంది నిపుణులు కావలసివచ్చింది. దాన్ని కాపాడటానికి ఒక చల్లని పొడి గది, ఒక బీరువా, జాబితా రాసే ఓపిక ఉన్న ఇద్దరు మనుషులు సరిపోతారు. కార్ఖానా పోయిందన్న విచారాన్ని పక్కన పెట్టి, ఈ పనిని ఈ వేసవి రాకముందే మొదలుపెట్టడం మన చేతుల్లో ఉంది.